నెమ్మది లేని మనసు

నవలలు రాసేవాళ్ళకి ఉత్తరాలు రావడం కొత్తేమీ కాదు. “మీ కథానాయికని దయచేసి చంపకండి” అని ఒకరు, “ఆ ముసలాణ్ణి ఇంకా ఎన్ని వారాలు బతికిస్తారండీ” అని మరొకరు. చదివి, నవ్వుకుని, సొరుగులో పడేస్తాం. కానీ నా సొరుగులో ఒక ఉత్తరం రెండేళ్ళపాటు జవాబు లేకుండా పడి వుంది. తీరిక లేక కాదు. రాయడానికి మొహం చెల్లక.

రాసినావిడ ఎవరో, ఏ వూరో చెప్పను. ఒక ఆడపిల్ల తల్లి. పిల్లకి మంచి సంబంధం కుదిరింది. రేపో మాపో తాంబూలాలు పుచ్చుకుంటారనగా మగపెళ్ళివారికి ఓ సంగతి తెలిసింది. పిల్ల మేనత్త పాతికేళ్ళుగా లిథియం మాత్రలు వేసుకుంటోందిట. మందులషాపు కుర్రాడి నోటినుంచి జారిన మాట. మర్నాడే మధ్యవర్తి చేత కబురు – “మీ వంశంలో పిచ్చి వుందటగా, మాకు చెప్పలేదేం?” అని. అంతటితో సరి.

ఉత్తరం అక్కడితో అయిపోతే నేనూ ఓ నిట్టూర్పు విడిచి వూరుకునేదాన్నే. కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. “రచయిత్రిగారూ, మీ సీరియల్లో కూడా ఇంతే కదండీ. పెళ్ళికొడుకు తల్లికి పిచ్చి అని బయటపడగానే మీ అమ్మాయి పీటలమీంచి లేచిపోయింది. ఆ వారం మా ఇంట్లో అందరం శభాష్ అనుకున్నాం. మా ఆడపడుచు కూడా మాతోపాటే కూచుని చదివింది. ఇప్పుడు మగపెళ్ళివారిని తిట్టడానికి నాకు నోరు రావడంలేదు.”

నిజమే. ఆ సీను నేను రాసిందే. సోమవారానికి ఆ వారం భాగం అందివ్వాలి. పెళ్ళి ఆగాలి. కట్నం గొడవ పాతబడిపోయింది, రెండో పెళ్ళి గొడవ అంతకంటే పాతది. పిచ్చి అయితే ఎవరూ ప్రశ్నించరు. “వంశపారంపర్యం” అని డాక్టరు పాత్రచేత ఓ మాట అనిపించేస్తే శాస్త్రీయంగా కూడా వుంటుంది. ఆ డాక్టరు ఏ పుస్తకం చదివి ఆ మాట అన్నాడో ఆయన్ని సృష్టించిన నాకే తెలియదు!

ఈమధ్య ఒక పుస్తకం చదివాను. 1995లో అమెరికాలో అచ్చయిన పుస్తకానికి ఇప్పుడు సమీక్షేమిటి అంటారేమో. ఆలస్యంగా చదివినవాళ్ళు ఆలస్యంగానే మాట్లాడతారు మరి. రాసినావిడ పేరు కే రెడ్‌ఫీల్డ్ జామిసన్. పుస్తకం పేరు ‘యాన్ అన్‌క్వయెట్ మైండ్’. నేను మనసులో ‘నెమ్మది లేని మనసు’ అని పిలుచుకుంటున్నాను. ఎందుకో తరవాత చెబుతాను.

జామిసన్ మనస్తత్వశాస్త్రంలో పండితురాలు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వైద్యకళాశాలలో ప్రొఫెసరు. ఉన్మాదానికీ కుంగుబాటుకీ మధ్య మనిషిని ఉయ్యాల వూపే జబ్బు – ఇప్పుడు డాక్టర్లు బైపోలార్ అంటున్నారే, అది – దానిమీద ఫ్రెడరిక్ గుడ్విన్ అనే డాక్టరుతో కలిసి 1990లో ఒక ఉద్గ్రంథమే రాసింది. అయితే ఆ జబ్బు ఆవిడకే వుంది. ఆ సంగతి లోకానికి చెబుతూ రాసిందే ఈ ఆత్మకథ. గుండెజబ్బుల డాక్టరుకి గుండెజబ్బు వస్తే మనం జాలిపడతాం. మానసిక వైద్యం చెప్పే మనిషికి మానసిక జబ్బు వస్తే నవ్వుతాం. ఆ తేడా తెలిసీ రాసింది, ఉద్యోగం పోతుందేమోనన్న భయంతోనే రాసింది.

పుస్తకం మొదలుపెట్టడమే ఎంత చమత్కారంగా మొదలుపెట్టిందో చూడండి. రాత్రి రెండుగంటలవేళ ఆవిడా, ఆవిడ సహోద్యోగి ఒకాయనా ఆసుపత్రి కార్లు నిలిపే స్థలంలో పరుగులు తీస్తుంటారు. పోలీసు ఆపి ఏమిటిదని అడుగుతాడు. మేమిద్దరం మానసిక వైద్యశాఖలో ప్రొఫెసర్లమని చెబుతాడు సహోద్యోగి. పోలీసు అర్థమైనట్టు నవ్వి వెళ్ళిపోతాడు. నేనూ నవ్వాను. ఓ పది పేజీలయ్యాక, నవ్వినందుకు సిగ్గుపడ్డాను. ఆ పరుగు ఆట కాదు, జబ్బు. 1974లో లాస్ ఏంజెలిస్‌లో యూనివర్సిటీ ఉద్యోగంలో చేరిన మూడునెలలకే ఆవిడకి మతి పూర్తిగా తప్పింది.

ఆ రోజుల్లో ఆవిడ చేసిన కొనుగోళ్ళ జాబితా వుంది. పాముకాటు చికిత్స పెట్టెలు డజను. రాళ్ళూ రత్నాలూ. అక్కర్లేని సామాను. పెంగ్విన్ కంపెనీవాళ్ళ పుస్తకాలు ఇరవై – అన్నీ ఒకచోట వుంటే ఆ పెంగ్విన్ పక్షులన్నీ ఒక కాలనీగా బతుకుతాయని! తరవాత అన్నగారు దిగి, బిల్లులన్నీ ముందేసుకుని కూచుని, తన పేర అప్పు తెచ్చి బాకీలు తీర్చాడు. ఆ పైన వచ్చిన కుంగుబాటులో ఆవిడ ఒకసారి ప్రాణమే తీసుకోబోయింది. బతికింది. ఆ పేజీల్లో ఆవిడ ఒక్క అలంకారం కూడా వాడలేదు. మనమైతే వెన్నెలా వర్షమూ అన్నీ కురిపించి వుండేవాళ్ళం.

ఇక లిథియం సంగతి. ఇది లోహాలన్నింటిలోకీ తేలికైనది. దాని లవణాన్నే మాత్రగా ఇస్తారు. ఈ మందు కథ నా సీరియళ్ళకంటే విచిత్రం. రెండో ప్రపంచయుద్ధంలో జపానువాళ్ళకి ఖైదీగా చిక్కి సింగపూరులో చాంగీ శిబిరంలో మూడేళ్ళపైన గడిపిన ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ ఇంటికి తిరిగొచ్చాక, ఆసుపత్రిలో మూలపడి వున్న వంటగదిలో గినీపిగ్గుల మీద ప్రయోగాలు మొదలెట్టాడు. ఉన్మాదానికి కారణం రోగి మూత్రంలో వున్న ఏదో విషమని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పు. కానీ దాన్ని పరీక్షించడానికి వాడిన లిథియం లవణం గినీపిగ్గుల్ని నిదానపరిచింది. ముందు తనే మింగి చూసుకుని, పదిమంది ఉన్మాద రోగులకిచ్చి, 1949లో ప్రకటించాడు. తప్పుదారిన పోయి సరైన వూరు చేరుకున్నాడన్నమాట.

అయితే అదే మందు మోతాదు మించితే విషం. కేడ్ మొదటి రోగి బాగుపడి ఇంటికెళ్ళి, మందు మానేసి, మళ్ళీ జబ్బుపడి, చివరికి 1950లో ఆ లిథియం విషంవల్లనే చనిపోయాడు. రక్తంలో ఎంత వుందో కొలిచి ఇవ్వడం తెలిశాకనే దానికి గౌరవం దక్కింది. డెన్మార్కులో మోగెన్స్ షౌ అనే డాక్టరు 1954 నుంచీ పట్టుదలగా పరీక్షలు జరిపి అది పనిచేస్తుందని నిరూపించాడు. అమెరికా ప్రభుత్వం 1970లో గాని అనుమతించలేదు. మూలకానికి పేటెంటు రాదు గనక పెద్ద కంపెనీలకి దానిమీద మోజు లేకపోయింది. జామిసన్‌కి 1974లో జబ్బు ముదిరింది. నాలుగేళ్ళు ముందు ముదిరి వుంటే ఈ పుస్తకమే వుండేది కాదేమో.

మందు దొరికింది కదా, ఇక కథ సుఖాంతం అనుకుంటాం. ఇక్కడే పుస్తకం మన చెయ్యి పట్టుకుని ఆపుతుంది. ఆవిడ మందు మానేస్తుంది. మళ్ళీ మొదలెడుతుంది. మళ్ళీ మానేస్తుంది. రోగులకి పాఠం చెప్పే మనిషే తన మాత్ర తను మింగదు. ఆవిడ అక్కగారు కూడా ఆ మందు వేసుకుంటే నీ ప్రాణశక్తి చచ్చిపోతుందని వేధించేది. మన ఇళ్ళలో “ఆ నిద్రమాత్రలు మానెయ్యవే, అలవాటైపోతాయి” అనే పెద్దమ్మల్లాగా! లిథియం వేసుకున్న తొలి పదేళ్ళూ ఆవిడ ఒక మంచి నవలని మొదటినుంచి చివరిదాకా చదవలేకపోయింది. అక్షరాలు కుదురుగా నిలిచేవి కావు, చదివింది గుర్తుండేది కాదు. పుస్తకాల మధ్య పుట్టి పెరిగిన మనిషికి అదెంత శిక్షో నాకు తెలుస్తుంది. తరవాత మోతాదు తగ్గించాక చదువు తిరిగి వచ్చింది.

ఇప్పుడు ‘నెమ్మది’ అనే మాట దగ్గరికి వస్తాను. మన తెలుగులో ఆ మాటకి ఎన్ని పనులో చూడండి. జ్వరం తగ్గినవాళ్ళని “ఇవాళ నెమ్మదిగా వుందా?” అంటాం. బెంగ తీరితే “మనసు నెమ్మదించింది” అంటాం. పిల్లలు పరిగెడితే “నెమ్మదిగా నడవండర్రా” అంటాం. ఆరోగ్యమూ, శాంతీ, వేగం తగ్గడమూ – మూడూ ఒక్క మాటే. జామిసన్ దాదాపు రెండొందల పేజీల్లో చెప్పింది ఆ ఒక్కమాటే. లిథియం ఆవిడకి మొదటి రెండూ ఇచ్చింది, మూడోదాన్ని ఖరీదుగా పుచ్చుకుంది. జబ్బులో వున్న వేగాన్ని ఆవిడ ప్రేమించింది. రోగి మందెందుకు మానేస్తాడో నాకు ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు. మొండితనం కాదు, మతిలేనితనం కాదు, పోగొట్టుకున్నదాని మీద మమకారం.

ఇంకో మంచి మాట కూడా చెప్పింది. మాత్ర తనని నేలమీద నిలబెట్టింది గాని, జరిగినదాన్ని అర్థం చేసుకుని మళ్ళీ బతకడం నేర్పింది మాత్రం డాక్టరుతో ఏళ్ళతరబడి కూచుని మాట్లాడిన మాటలేనని. మందా, మాటలా అని పోట్లాడుకునేవాళ్ళకి ఇది మంచి జవాబు. రెండూ కావాలి.

పొగిడింది చాలు. పుస్తకంలో నాకు నచ్చనివీ వున్నాయి.

మొదటిది, ఆవిడ అదృష్టం. అప్పు తీర్చే అన్న, రాత్రుళ్ళు కాపలా కాసిన స్నేహితులు, ఎప్పుడు ఫోన్ చేసినా పలికే డాక్టరు, సెలవిచ్చే ఉద్యోగం. ఇవన్నీ ఆవిడ కృతజ్ఞతతోనే చెప్పుకుంది, కాదనను. కానీ అవి లేనివాళ్ళ గతేమిటన్న ప్రశ్న పుస్తకం గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. మన దేశంలో 2015–16లో నిమ్హాన్స్ వారు 12 రాష్ట్రాల్లో సర్వే చేశారు. అందులో మన తెలుగు రాష్ట్రాలు లేవనుకోండి. బైపోలార్ జబ్బున్నవాళ్ళలో నూటికి డెబ్భైమంది చికిత్సకి బయటే వున్నారని తేలింది. వాళ్ళకి మాత్ర ఖరీదు అడ్డం కాదు, లిథియం చవకే. “ఎర్రగడ్డ” అనే మాట వినగానే హైదరాబాదులో, “చినవాల్తేరు” అనగానే విశాఖపట్నంలో పక్కింటివాళ్ళ పెదాలమీదికి వచ్చే నవ్వు వుందే, అదీ అడ్డం.

రెండోది, జబ్బుకి ఆవిడ కట్టిన జరీ అంచు. అంతకు ముందు 1993లో ఆవిడే ‘టచ్డ్ విత్ ఫైర్’ అని ఇంకో పుస్తకం రాసింది. బైరన్ లాంటి కవులకి ఈ జబ్బు వుండేదనీ, కళకీ దీనికీ చుట్టరికం వుందనీ. చచ్చిపోయినవాళ్ళ ఉత్తరాలు చదివి జబ్బు పేరు పెట్టడం నాకు మింగుడుపడదు. నా ఉత్తరాలు చదివితే నాకేం పేరు పెడతారో! అయితే స్వీడన్‌లో 2011లో దాదాపు మూడులక్షలమంది రోగుల లెక్కలు తీసి చూస్తే, బైపోలార్ వున్నవాళ్ళూ, జబ్బులేని వాళ్ళ తోబుట్టువులూ కూడా కళావృత్తుల్లో ఎక్కువగా కనిపించారు. కాబట్టి కొట్టిపారెయ్యడానికీ లేదు. కానీ ఒక్కమాట. ఈ జబ్బున్నవాళ్ళలో ఎక్కువమంది కవులు కారు. బస్సులో టిక్కెట్లు కోసేవాళ్ళు, వంటచేసేవాళ్ళు, బళ్ళో పాఠం చెప్పేవాళ్ళు. గౌరవంగా చూడబడటానికి వాళ్ళు పద్యాలు రాసి చూపించనక్కర్లేదు.

మూడోది అసలైనది. వంశం సంగతి.

ఈ పుస్తకంలో అన్నింటికంటే నన్ను కదిలించిన సీను, నా ఉత్తరానికి జవాబు దొరికిన సీను కూడా, అక్కడే వుంది. న్యూ ఆర్లియన్స్‌లో డాక్టర్ల మహాసభలు జరుగుతుంటే జామిసనూ, ఇందాక చెప్పిన మోగెన్స్ షౌ దొరగారూ సభ ఎగ్గొట్టి మిసిసిపీ నదిమీద పడవెక్కుతారు. “నిజం చెప్పు, నువ్వీ జబ్బునే ఎందుకు చదువుతున్నావు?” అన్న ధోరణిలో అడుగుతాడాయన. చెబుతుంది. ఆయన కూడా తన ఇంటి సంగతి చెబుతాడు. ఆయన కుటుంబంలోనూ కుంగుబాటు వుంది. తమ్ముణ్ణి నిలబెట్టింది ఆ లిథియమే. ఇద్దరూ కాగితం ముక్కమీద వంశవృక్షాలు గీస్తారు. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి సున్నా, జబ్బున్నవాళ్ళకి నల్లసిరా. పెళ్ళిచూపుల్లో మనం దాచిపెట్టే కాగితం అదే. వాళ్ళిద్దరూ ఒకరికొకరు చూపించుకున్నారు.

అదే ప్రాంతంలో ఇంకో డాక్టరు వస్తాడు. పిల్లల్ని కనాలని వుందా అని అడిగి, వుందని ఆవిడ చెబితే, ఈ జబ్బుతో నువ్వు కనకూడదని చల్లగా తీర్పు చెప్పేస్తాడు. ఆవిడ గది బయటికి వచ్చి ఏడుస్తుంది. చివరికి పిల్లలు కలగనే లేదు, అది తన జీవితంలో తీరని లోటని రాసుకుంది. నా సీరియల్లో “వంశపారంపర్యం” అన్న డాక్టరు పాత్ర ఈయనగారి కవలసోదరుడే.

ఇక్కడ జామిసన్‌తో నా పేచీ ఏమిటంటే, 1995 నాటి శాస్త్రం ఆవిడచేత కొంచెం ఎక్కువ ఆశా, కొంచెం ఎక్కువ భయమూ పెట్టించింది. ఆ జన్యువేదో నేడో రేపో దొరుకుతుందన్నట్టు, దొరికితే కడుపులో బిడ్డనే పరీక్షించి ఏంచేస్తారో అన్నట్టు రాసింది. ఆవిడ తప్పు కాదు, కాలం అలాంటిది. 1987లో పెన్సిల్వేనియాలోని అమిష్ అనే మతశాఖవారి కుటుంబాల్లో పరిశోధన చేసి, పదకొండో క్రోమోజోములో ఈ జబ్బు జాడ దొరికిందని ప్రకటించారు. అమిష్‌వాళ్ళు కూడా మనలాగే “రక్తంలో వుంది” అనే మాట వాడతారట! రెండేళ్ళు తిరక్కుండానే, 1989లో, అదే కుటుంబంలో ఇంకొందరిని కలిపి లెక్క చూస్తే ఆ జాడ చెదిరిపోయింది. అంతకుముందు ఆరోగ్యంగా వున్న ఇద్దరికి ఆలోగా జబ్బు వచ్చింది – రావలసిన గుర్తు వాళ్ళలో లేకుండానే.

అప్పట్నుంచీ శాస్త్రజ్ఞులు ఒక కుటుంబాన్ని వదిలి లక్షలమందిని చూడటం మొదలుపెట్టారు. 2021లో నలభైవేల పైచిలుకు రోగుల్ని చూస్తే జన్యుపటంలో 64 చోట్ల తేడాలు కనబడ్డాయి. 2025లో లక్షా యాభైఎనిమిదివేలమంది రోగుల్నీ, ఇరవైఎనిమిది లక్షలమంది ఇతరుల్నీ పోల్చిచూస్తే ఆ చోట్లు 298 అయ్యాయి. ఒక్కొక్కటీ చేసే పని ఆవగింజంత. పోపులో ఒక్క ఆవగింజ చూపించి, పులిహోర రుచి అంతా దీనివల్లే అంటే ఎవరైనా నమ్ముతారా? పైగా ఆ ఆవగింజలు అందరి పోపులపెట్టెల్లోనూ వున్నాయి. జబ్బు ఎన్నడూ ఎరగని మనుషుల్లో కూడా అవి కొన్ని వుంటాయి. మేనత్త రక్తంలోనే కాదు, సంబంధం వద్దని కబురుపెట్టిన మగపెళ్ళివారి రక్తంలోనూ వున్నాయి!

అలాగని వంశంతో సంబంధమే లేదని నేను అబద్ధం చెప్పను. వుంది, గట్టిగానే వుంది. తల్లికో తండ్రికో బైపోలార్ వుంటే పిల్లల్లో సుమారు నూటికి పదిమందికి రావచ్చు. మామూలు జనంలో అది నూటికి ఒకరూ ఇద్దరూ. పదిరెట్లు అని గుండెలు బాదుకోవచ్చు, నూటికి తొంభైమందికి రాదని గుండెలమీద చెయ్యి వేసుకోవచ్చు. రెండూ ఒకటే లెక్క. మేనత్త, మేనకోడలి దాకా వచ్చేసరికి ఆ వాటా ఇంకా తగ్గిపోతుంది. ఒకే అండంలోంచి పుట్టిన కవలల్లో జన్యువులన్నీ ఒకటే కదా, అయినా ఒకరికొస్తే రెండోవారికి నూటికి నలభై నుంచి డెబ్భైపాళ్ళే వస్తుంది. మిగతాది బతుకు చేతిలో వుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. లిథియం ఎవరికి పనిచేస్తుందన్నది కూడా కుటుంబాల్లో నడుస్తుందని పరిశోధకులు గమనించారు. దాని జన్యుకారణాలు వెతుకుతూ 2016లో రెండున్నరవేలమంది రోగుల్ని పరీక్షించారు. బెంగుళూరులో నిమ్హాన్స్‌వారు కూడా ఇలా ఒకే ఇంట్లో ఒకరికంటే ఎక్కువమందికి జబ్బున్న కుటుంబాలని శ్రద్ధగా చూస్తున్నారు. అంటే ఏమిటి? మేనత్త మాత్ర దాచుకోవలసిన కళంకం కాదు. దేవుడి దయవల్ల అవసరం రాకూడదు గాని, వస్తే ఆ ఇంట్లో డాక్టరుకి మొట్టమొదట చెప్పవలసిన మంచి కబురు – ఫలానా మందు మా మనిషికి పనిచేసిందండీ అని.

చట్టం ఏమంటుందోనని అది కూడా తిరగేశాను. 1955 నాటి హిందూ వివాహచట్టం మానసిక వ్యాధి సంగతి ఎత్తుతుంది గాని, పెళ్ళికీ పిల్లలకీ పనికిరానంత తీవ్రమైతేనే అడ్డమంటుంది. కేవలం జబ్బు పేరు చూపించి విడాకులు అడిగితే కుదరదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2017 నాటి మానసిక ఆరోగ్యచట్టం రోగి వివరాలు గోప్యంగా వుంచాలంటోంది. కోర్టులు, చట్టాలు ఇంతదూరం నడిచాయి. నడవనిదల్లా మధ్యవర్తులూ, సీరియల్ రచయిత్రులూ.

ఇంతకీ నా సీను ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. డిగ్రీలో మాకు ‘జేన్ ఐర్’ నవల పాఠం. 1847 నాటిది. అందులో పెళ్ళి జరుగుతుంటే ఒకాయన లేచి, పెళ్ళికొడుక్కి పిచ్చిభార్య వుందని చెబుతాడు. ఆవిడ తల్లికీ పిచ్చే. పైగదిలో బంధించిన ఆ బెర్తా చేత రచయిత్రి నవల మొత్తంమీద ఎదురుగా ఒక్క సంభాషణ పలికించలేదు. నవ్వుతుంది, అరుస్తుంది, నిప్పు పెడుతుంది, అంతే. 1966లో జీన్ రీస్ ‘వైడ్ సర్గాసో సీ’ రాసి ఆ నోరులేని మనిషికి నోరిచ్చింది. నేను రెండూ చదివానండీ! చదివి మార్కులు తెచ్చుకుని, తీరా కలం పట్టేసరికి మొదటిదాన్నే కాపీకొట్టాను. నా నవలలో ఆ పెళ్ళికొడుకు తల్లికి ముప్ఫైనాలుగు వారాల్లో ఒక్క మాట లేదు. లెక్కపెట్టి చూసుకున్నాను.

జామిసన్ పుస్తకం గొప్పతనం నా దృష్టిలో అదే. శాస్త్రం పాతబడింది, ఇంకా పాతబడుతుంది. జరీ అంచు కొంచెం ఎక్కువైంది. కానీ పైగదిలో మనిషి మెట్లు దిగి వచ్చి, ముందుగదిలో కూచుని, తన కథ తనే చెప్పుకుంది. డాక్టరూ తనే, రోగీ తనే. మందు వుండి, పనిచేస్తే గనక ఈ జబ్బున్న బతుకునే మళ్ళీ కోరుకుంటానేమో అని చివర్లో అంటుంది. మందు లేకపోతే మాత్రం వద్దంటుంది. ఆ “వద్దు” కూడా చెప్పింది గనకే ఆ “కోరుకుంటాను”ని నమ్మాను.

చివరికి ఆ తల్లికి ఉత్తరం రాశాను. లెక్కలన్నీ రాశాను, పడవమీద గీసిన వంశవృక్షం సంగతి రాశాను, క్షమించమని కూడా రాశాను. పదిహేను రోజులకి జవాబు వచ్చింది. దస్తూరి మారింది. రాసింది మేనత్తగారు. ఉద్యోగం చేసి రిటైరయ్యారట. మేనకోడలికి ఇంకా సంబంధం కుదరలేదు, కానీ ఈసారి ముందుగానే చెప్పి అడుగుతున్నారట. “క్షమాపణలెందుకు గాని, మీ నవలలో ఆ తల్లి పెళ్ళిపందిట్లో కూచుని ఏమనుకుంటోందో మీరు రాయలేదు. ఆ వారం చదువుతున్నప్పుడు నేను అదే ఆలోచించాను” అని వుంది.

ఆ నవల రెండో ముద్రణకి వెళుతోంది. పీటలమీంచి లేచే సీను తీసెయ్యదలచుకోలేదు. తీసేస్తే నేను రాయనట్టే అయిపోతుంది కదా. ఆ తల్లికి మాత్రం ఓ అధ్యాయం కలుపుతున్నాను. ఇప్పటికి నాలుగు పేజీలయింది. సోమవారం గొడవ లేదు గనక నెమ్మదిగానే రాస్తున్నాను.